సినిమా రాస్తున్న మేనల్లుడికి

అనంతపురం

అల్లుడూ,

నీ స్క్రిప్టు చదివినా. ఫ్యాక్టరీ నీళ్లు బోర్లలో కలిసిన ఊరు, కంపెనీ తరఫు లాయరు, అతని చేతికొచ్చిన పాత రిపోర్టు, ఇంతవరకూ నమ్మినా. కోర్టు సీను రాగానే జడ్జి సుత్తి కొట్టినాడు. మన కోర్టుల్లో సుత్తి ఉండదు నాయనా, తీసెయ్.

అసలు చిక్కు అది కాదు. నీ హీరో రిపోర్టును కోర్టులో ఎత్తి చూపి కంపెనీ గుట్టు విప్పేస్తాడు. హాల్లో విజిల్స్ పడతాయేమో గానీ కోర్టులో మా లాయర్ల బార్ రూంలో నవ్వుతారు. క్లయింటు కాగితంలో ఏముందో అతని ఒప్పుదల లేకుండా లాయరు బయటపెట్టకూడదు. కేసు వదులుకున్నా ఆ కట్టు పోదు. పాత సాక్ష్య చట్టంలో ఇది 126వ సెక్షన్, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో 132. నీ కథకు ముడి అదే. నువ్వేమో కత్తి పెట్టి కోసేసినావు.

ఇట్లా రాసి చూడు. రైతుల లాయరు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 11 కింద పిటిషన్ వేస్తాడు, మీ దగ్గరున్న కాగితాలేమిటో ప్రమాణం చేసి చెప్పండని. ఆ అఫిడవిట్‌లో సంతకం మేనేజరుది, రాత నీ హీరోది. పైనుంచి ఫోన్ వస్తుంది: "ఆ రిపోర్టు లేదనుకోండి సార్." అంతే. సుమోలు ఎగరాల్సిన పని లేదు. ఆ మాటన్నది మీసాలు తిప్పే విలన్ కూడా కాదు, ఉద్యోగం పోతుందని భయపడే లీగల్ హెడ్. గుమాస్తా టైపు చేసి తెచ్చిపెడతాడు. ఈ సీనును సాగదీయ్, ఎవరూ లేచి పోరు.

132లోనే ఒక సందుంది. లాయరును పెట్టుకున్నాక జరిగిన నేరమో మోసమో అతని కంటబడితే దానికి ఆ కట్టు లేదు, బయటపెట్టొచ్చు. రిపోర్టు పాతది, నోరు మెదపలేడు. కోర్టుకు అందకుండా దాన్ని చింపేస్తే మాత్రం అది కొత్త నేరం, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 241వ సెక్షన్. దాచబోయి కంపెనీనే అతని నోరు తెరిపిస్తుంది. ఇంటర్వెల్ అక్కడ వేసుకో.

తగిన కారణం చూపి, క్లయింటుకు ముందుగా నోటీసిచ్చి లాయరు కేసు నుంచి తప్పుకోవచ్చని బార్ కౌన్సిల్ నియమాల్లో ఉంది. చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగివ్వాలి. కూతురి పెళ్లికి అప్పు చేసినోడు అదెక్కడినుంచి తెస్తాడు? అది కూడా రాయి.

సోమవారం పెందలాడే రా, ఉగ్గాని బజ్జి తిని కోర్టుకు పోదాం. డ్యూయెట్ సంగతి నన్నడగొద్దు.

మీ మామ