చెయ్యెత్తిన పిల్లకు జవాబు ఎప్పుడు అందుతుంది?

అమ్మా,

ఆశీస్సులు. నీ కథ, దానికి జతచేసిన అయిదు ప్రశ్నల ఉత్తరం అందాయి. కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి నాలుగో పేజీలో ఆగిపోయి కాగితాలు బల్ల మీద పడేశాను. ఎందుకో చెబుతాను.

"భూమిక చెయ్యెత్తింది. 'ఏమిటమ్మా సందేహం?' అంది టీచరు."

భూమిక ఉన్నది అంగారకుడి మీద. టీచరు ఉన్నది భూమి మీద. ఈ రెండు వాక్యాల మధ్య నువ్వు ఒక చుక్క పెట్టి ఊరుకున్నావు. ఆ చుక్కలో ఎన్ని కోట్ల కిలోమీటర్లు ఇరుక్కున్నాయో లెక్క వేశావా? నువ్వు వేయలేదు కాబట్టి నేను వేశాను. మూడో పేజీలో అమ్మమ్మ అర్ధరాత్రి మేడ ఎక్కి, నడినెత్తిన ఉన్న ఎర్రటి చుక్కను చూసి "అదిగో నా మనవరాలు" అంటుంది. అర్ధరాత్రి అంగారకుడు నడినెత్తిన ఉన్నాడంటే సూర్యుడికి ఎదురుగా, భూమికి దగ్గరగా ఉన్న రోజులన్నమాట. మరీ దగ్గరైతే 5.5 కోట్ల కిలోమీటర్లు, కాకపోతే 10 కోట్లు. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరిగెత్తినా, భూమిక ఎత్తిన చెయ్యి టీచరు తెర మీద కనిపించడానికి కనీసం 3 నిమిషాలు పడుతుంది. ఆవిడ "ఏమిటమ్మా" తిరిగి రావడానికి ఇంకో మూడు. ఆరు నిమిషాలు చెయ్యి ఎత్తి పట్టుకున్న పిల్ల భుజం సంగతి ఏమిటి? పైగా ఇవి మంచి రోజులు. అంగారకుడు సూర్యుడికి అవతలి వైపుకు వెళ్లినప్పుడు దూరం 40 కోట్ల కిలోమీటర్లకు చేరుతుంది. అప్పుడు రానూ పోనూ 44 నిమిషాలు. ఈలోపు పీరియడే అయిపోతుంది.

నీ ఉత్తరంలో ఈ సంగతి నువ్వే ఎత్తి, "అప్పటికి ఏదో ఒకటి కనిపెడతారు కదా సార్" అని దాటేశావు. అక్కడ నాకు ఒళ్లు మండింది. రాకెట్లు మెరుగుపడతాయి, బ్యాటరీలు మెరుగుపడతాయి. వెలుగు వేగం మెరుగుపడదు. అక్కడికి మనుషులను పంపాలని చూస్తున్నవాళ్లే దీన్ని తలవంచి ఒప్పుకున్నారు. 2023 జూన్ నుంచి 2024 జూలై వరకు నాసావారు అమెరికాలోని హ్యూస్టన్‌లో అంగారకుడి మీద ఉండబోయే ఇంటి నమూనా ఒకటి కట్టి నలుగురిని 378 రోజులు అందులో ఉంచారు. బయటివారితో వాళ్లు జరిపే సంభాషణలో ఈ ఆలస్యాన్ని కావాలనే పెట్టారు. గోడకు అవతల ఉన్న మనిషి జవాబు కోసం నిమిషాల తరబడి ఎదురుచూశారు వాళ్లు. అంత కష్టపడి సాధన చేస్తున్నదాన్ని నువ్వు ఒక్క కలం పోటుతో కొట్టేశావు.

నలభై ఏళ్లుగా నేను ఈ ఒక్క మాటే చెబుతున్నాను. వినేవాళ్లకు విసుగు, నాకు మాత్రం విసుగు లేదు. కథలో నుంచి ఎదురుచూపును తీసేయకూడదు. దూరం గురించి రాసేటప్పుడు ఆ దూరం పాఠకుడి కాళ్లకు తెలియాలి.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెబుతాను. నేను డిగ్రీ పోస్టులో చదువుకున్నాను. పగలు లెక్కలు రాసే ఉద్యోగం, రాత్రి పాఠాల కట్ట. ఇప్పుడు మీరు వెసులుబాటు చదువు అంటున్నది మాకు అప్పట్లో గత్యంతరం లేని చదువు. ఒకసారి తర్కశాస్త్రంలో ఒక సందేహం వచ్చి కార్డు రాశాను. జవాబు నలభై ఒక్క రోజులకు వచ్చింది. అందులో ఉన్నది ఒకటే వాక్యం: "62వ పేజీ చూడగలరు." అప్పటికి పరీక్ష కూడా అయిపోయింది. కానీ ఎదురుచూసిన రోజుల్లో ఆ సందేహం నాతోనే నడిచింది, బస్సులో నాతో పాటు నిలబడింది, అన్నం దగ్గర కూర్చుంది. ఇరవయ్యో రోజు మెట్ల మీద చెప్పులు వేసుకుంటుంటే దానంతట అదే విడిపోయింది. ఒక చెప్పు కాలికీ ఒక చెప్పు చేతిలోనూ ఉండగా గట్టిగా నవ్వాను. పక్కింటివాళ్లు తొంగిచూశారు.

దాని మీద కథ రాశాను. నా రెండో కథ అది. ఒక పత్రిక సంపాదకుడు (పేరు చెప్పను, చనిపోయినవారి మీద చాడీలు ఎందుకు) ఆ నలభై రోజులనూ కత్తిరించేశాడు. అచ్చులో చూసుకుంటే మొదటి పేరాలో కార్డు డబ్బాలో పడింది, రెండో పేరాలో జవాబు వచ్చింది. అడిగితే "పాఠకుడు ఆగడండీ" అన్నాడు. ఆయనే కాదు, ఇప్పుడు పోటీలు పెట్టేవాళ్లదీ అదే పాట: కథనం పరిగెత్తాలట, వెయ్యి పదాలు దాటకూడదట. ఎక్కడికి ఈ పరుగు? నీ కథ వెయ్యి పదాలకు సరిగ్గా మూడు పదాలు తక్కువగా ఉంది. ఆ ఆరు నిమిషాలు ఎక్కడికి పోయాయో నాకు అక్కడ అర్థమైంది.

ఇక నీ బడి. వెసులుబాటు ఉన్న ఆన్‌లైన్ చదువు కాబట్టి ఎవరికి వీలైన వేళ వాళ్లు చదువుకుంటారని రాశావు. ఆ మాట భూమి మీద సౌకర్యం, అంగారకుడి మీద నిర్బంధం. అక్కడ రోజు 24 గంటల 39 నిమిషాల 35 సెకన్లు. అంటే ప్రతి రోజూ భూమి గడియారం నుంచి దాదాపు 40 నిమిషాలు పక్కకు జరుగుతుంది. ఈ రోజు టీచరు ఉదయమూ భూమిక ఉదయమూ కలిశాయి అనుకో. పద్దెనిమిది రోజులకు భూమిక పలక పట్టుకునే వేళకు టీచరు గాఢనిద్రలో ఉంటుంది. 2004లో అక్కడ రెండు రోవర్లు (చక్రాల మీద తిరిగే పరిశోధన యంత్రాలు) దిగినప్పుడు, భూమి మీద నుంచి వాటిని నడిపినవాళ్లు అంగారక దినం ప్రకారమే బతికారు. రోజూ 40 నిమిషాలు ఆలస్యంగా నిద్రలేచారు, ఆ లెక్కన తిరిగే చేతిగడియారాలు ప్రత్యేకంగా చేయించుకున్నారు. నీ టీచరు చేతికి అలాంటి గడియారం ఒకటి పెట్టు. ఆవిడ ఇంట్లో ఏమవుతుందో చూడు. ఆవిడ పిల్లలు ఎప్పుడు తింటారు, ఎవరు పెడతారు? నాకైతే అక్కడ ఇంకో కథ కనిపిస్తోంది.

ఇంకొకటి. భూమిక గదిలో రెండో మనిషి లేడు. తెర, పిల్ల, అంతే. చిన్నపిల్లల దూరవిద్య అలా నడవలేదమ్మా. ఆస్ట్రేలియాలో 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి రేడియో బడి మొదలైంది. వందల కిలోమీటర్ల అవతల పశువుల క్షేత్రాల్లో ఉన్న పిల్లల కోసం, విమానాల్లో వెళ్లి వైద్యం చేసే ఎగిరే డాక్టర్ల సేవకు వాడే రేడియో మీదే పాఠాలు చెప్పారు. మొదట్లో టీచరు చెప్పడం, పిల్లలు వినడం. ప్రశ్నలు అడిగే వీలు తర్వాత వచ్చింది. ఈ రోజు అది ఉపగ్రహం మీద నడుస్తోంది. కానీ అప్పుడూ ఇప్పుడూ పిల్ల పక్కన ఒక పెద్దమనిషి కూర్చోవాల్సిందే, ఎక్కువగా అమ్మే. పెన్సిలు చెక్కేది, ఆవలిస్తే కసిరేది ఆవిడే. తెర అవతలి టీచరుకు ఆవలింత వాసన రాదు కదా. మరి భూమిక వాళ్ల నాన్న పంపులు బాగుచేసేవాడని రాశావు. ఆయన పాఠం మధ్యలో పానా పట్టుకుని ఆ గదిలోకి ఒక్కసారైనా ఎందుకు రాలేదు?

అయిదో పేజీలో అంతరిక్షంలో స్థిరపడటానికి ఉన్న కష్టాలన్నీ ఒకే పేరాలో కుక్కావు: రేడియేషన్, గురుత్వం, ధూళి, ఆక్సిజన్. చదువుతుంటే రేషన్ జాబితాలా ఉంది. నాలుగిట్లో మూడు తీసెయ్. మిగిలిన ఒక్కదాన్ని గదిలోకి పిలిచి కూర్చోబెట్టు. పైగా "మొక్కలు పెంచుతున్నారు కాబట్టి గాలికి కొరత లేదు" అన్నావు. 1991లో అరిజోనా ఎడారిలో ఎనిమిది మంది ఇలాగే అడవినీ పొలాన్నీ లోపల పెట్టుకుని గాజు భవనంలో రెండేళ్లకు తలుపులు వేసుకున్నారు. దాని పేరు బయోస్ఫియర్ 2. ఆక్సిజన్ దాదాపు 21 శాతం నుంచి పద్నాలుగున్నరకు జారిపోయింది. దొంగ ఎవరంటే మట్టి. సారవంతంగా ఉండాలని వేసిన మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్ వాడేసుకున్నాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడును మొక్కలకు దక్కకుండా కాంక్రీటు పీల్చుకుంది. చివరికి బయటి నుంచి ఆక్సిజన్ ఎక్కించారు. బయట గాలి ఉంది కాబట్టి ఎక్కించగలిగారు. భూమికకు బయట ఏముంది? భూమి వాయుపీడనంలో నూరో వంతు కూడా లేని కార్బన్ డయాక్సైడు.

గురుత్వం సంగతి నువ్వు ఊరికే ముట్టుకుని వదిలేశావు కానీ అసలు భయం అక్కడే ఉంది. అంతరిక్ష కేంద్రంలో బరువు తెలియని స్థితిలో వ్యోమగాముల ఎముకలు నెలకు 1 నుంచి 1.5 శాతం సాంద్రత కోల్పోతాయని తెలుసు. అందుకే రోజుకు రెండు గంటలు కసరత్తు చేస్తారు. వాళ్లు పెద్దవాళ్లు, ఎముకలు ఇక్కడ కట్టుకుని పైకి వెళ్లినవాళ్లు. అంగారకుడి మీద గురుత్వం భూమిలో 38 శాతం. తక్కువ గురుత్వం ఉన్న మరో నేల మీద మనిషి ఉన్న అత్యధిక కాలం చంద్రుడి మీద గడిపిన మూడు రోజులు. అక్కడ పుట్టి పెరిగిన పిల్ల ఎముక ఎలా కట్టుకుంటుందో చెప్పడానికి భూమ్మీద ఒక్క సాక్షి కూడా లేడు. ఈ మాట తెలిసి కూడా కనడానికి సిద్ధపడిన తల్లి మనసులోకి నువ్వు వెళ్లలేదు.

రెండోసారి ఎందుకు చదివానో చెప్పాలి కదా. రెండు వాక్యాల కోసం. ఒకటి, రాత్రి గాలి ఫ్యాను ఆగినప్పుడు "నిశ్శబ్దానికి భూమికకు మెలకువ వచ్చింది" అన్నది. బాగుంది. మార్చకు.

రెండోది ఆరో పేజీ చివర ఉంది. "ఆ రోజు సైన్సు పరీక్షలో భూమికకు సున్నా వచ్చింది." ఎందుకు వచ్చిందో నువ్వు రాయలేదు. రాసి కొట్టేశావో, అసలు ఆలోచించలేదో తెలియదు. ఆ సున్నా నన్ను నిద్రపోనివ్వలేదు. నాకు తోచింది ఇది. పాఠం రికార్డు చేసింది భూమి మీద. "రెండు మీటర్ల ఎత్తు నుంచి బంతి వదలండి, ఎంత సేపట్లో నేలను తాకుతుందో కొలిచి గురుత్వ త్వరణం కట్టండి" అని ఉంది. భూమి మీద ఆ బంతి 0.64 సెకన్లలో నేలను తాకుతుంది. భూమిక వదిలిన బంతి తీరిగ్గా సెకను దాటాక తాకింది. పిల్ల మళ్లీ వదిలింది. మళ్లీ కొలిచింది. మంచం ఎక్కి వదిలింది. ప్రతిసారీ 3.7 వస్తోంది. అదే రాసింది. దిద్దేది యంత్రం, దాని దగ్గర ఉన్న జవాబు భూమిది, 9.8. ఎర్ర గుర్తు పడింది. ఫిర్యాదు పంపుదామంటే సరిగ్గా అప్పుడే సూర్యుడు రెండు గ్రహాల మధ్యకు వచ్చాడు. సుమారు 26 నెలలకు ఒకసారి రెండు వారాల పాటు అలా అడ్డం వస్తాడు, ఆ రోజుల్లో రోవర్లకు ఆదేశాలు పంపడం కూడా ఆపేస్తారు. ఇక ఆ పిల్ల దగ్గర బంతి ఉంది, సున్నా ఉంది, పద్నాలుగు రోజులున్నాయి. నాన్న పానాతో రావాలంటే ఇప్పుడే రావాలి. ఈ పద్నాలుగు రోజుల కోసం నీకు పదిహేను పేజీలైనా కావాలి.

సాంకేతిక పదాలను తెలుగులో ఎలా రాయాలన్న నీ మూడో ప్రశ్నకు జవాబు: తెలుగులో పలికే మాట ఉంటే అదే రాయి, లేకపోతే పంపును పంపు అనే రాయి. పీడన నియంత్రక యంత్రం అని రాసి పాఠకుడి పీడనం పెంచకు. కథ చివర పదకోశం పెట్టమని ఎవరైనా సంపాదకుడు అడిగితే కథ వెనక్కు తీసుకో. మిగతా ప్రశ్నలు ఇప్పుడు కాదు. కలం పేరు గురించి కథ బాగుపడ్డాక మాట్లాడుకుందాం.

కాగితాలు వెనక్కు పంపుతున్నాను. పెన్సిలు గీతలన్నీ నావే, నాలుగో పేజీలో ఉన్న చిరుగు కూడా నాదే, కోపంలో పడింది. నా ఊహ తప్పయితే, ఆ పరీక్షలో అడిగిన అసలు ప్రశ్న ఏమిటో ఒక ముక్క రాసి పడెయ్యి.