పాఠకుల ప్రశ్నలు: కొండను నిలిపిన రాతిగోడలు

ప్రశ్న: మా అబ్బాయి ఇటలీలోని మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్టోబరు చివర్లో మమ్మల్ని రమ్మని, చింక్వె తెర్రె అనే సముద్రతీర గ్రామాలకు తీసుకువెళ్తానని అంటున్నాడు. మా వారికి మోకాళ్ళ నొప్పులు. ఇద్దరమూ శాకాహారులం. గండికోట మాకు ఇంత దగ్గర ఉండగా, కొండలు చూడడానికి అంత దూరం వెళ్ళడం అవసరమా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: ముందుగా ప్రయాణం నెల మార్చమని మీ అబ్బాయికి చెప్పండి. ఆ గ్రామాలున్న లిగూరియా తీరంలో కుండపోత వానలు పడేది అక్టోబరు, నవంబరు నెలల్లోనే. 2011 అక్టోబరు 25న కురిసిన వానకు వెర్నాజ్జా, మోంతెరోస్సో గ్రామాల వీధులు బురదలో కూరుకుపోయాయి, ప్రాణనష్టమూ జరిగింది. వాన హెచ్చరిక వచ్చిందంటే కొండదారులు మూసేస్తారు. జూలై, ఆగస్టుల్లో ఎండ సంగతి అటుంచి, జనాన్ని తట్టుకోవడమే కష్టం. మే నెల గానీ సెప్టెంబరు గానీ మేలు.

ఫొటోల్లో కనిపించే రంగురంగుల ఇళ్ళ కోసమే అయితే ఒక పూట చాలు. యునెస్కో 1997లో ఈ ఐదు గ్రామాలను, పక్కనున్న పోర్తొవెనేరెతోనూ మూడు చిన్న దీవులతోనూ కలిపి ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి ముఖ్య కారణం, సముద్రంలోకి నిటారుగా దిగే కొండవాలును సుమారు వెయ్యేళ్ళుగా మెట్లు మెట్లుగా మలిచి, ద్రాక్ష, ఆలివ్ పండించుకుంటూ వచ్చిన రైతుల పనితనం. అనంతపురం మెట్టచేలల్లో ఏరిన రాళ్ళను గట్లుగా పేర్చడం చూసినవారికి ఆ పని మరీ కొత్తగా అనిపించదు. సున్నమూ సిమెంటూ లేని ఆ గోడను దగ్గరికి వెళ్ళి చూడండి. ముందువైపు పెద్ద రాళ్ళు కొండవైపుకు కాస్త వాలి ఉంటాయి, వాటి వెనుక చిన్న రాళ్ళు కూరి ఉంటాయి. వాన నీరు ఆ సందుల్లోంచి జారిపోతుంది గనుకనే గోడ నిలుస్తుంది. సాగు మానేసిన తోటల్లో సందులు మన్నుతో పూడిపోయి, పొదల వేళ్ళు రాళ్ళను కదిలించి, గోడ ముందుకు ఉబ్బుతుంది. ఆ తర్వాత ఒక గట్టి వానకు అది కూలితే, దాని వెనుక మట్టి కూడా కిందికి వస్తుంది. రైతు వదిలేసిన మడి ఊరి మీదికే ప్రమాదం తెస్తుందన్నమాట. 1999లో ఏర్పడిన, సుమారు 38 చదరపు కిలోమీటర్ల ఆ చిన్న జాతీయ పార్కులో అడవితోపాటు సాగును నిలబెట్టడం కూడా అంతే ముఖ్యమైన పని కావడానికి కారణం ఇదే. గండికోట దగ్గర కొండను కోసింది పెన్నా నది. అక్కడ కొండను మలిచింది మనుషులు. ఒకటి చూశామని రెండోది మానుకోనక్కరలేదని నా అభిప్రాయం.

మోకాళ్ళ నొప్పులున్నవారికి రైలే ఆధారం. ఐదు గ్రామాలకూ స్టేషన్లున్నాయి, ఒకదాని నుంచి మరొకటి కొద్ది నిమిషాల దూరం. వీధులు చదునుగా, ఇసుక తీరంతో ఉండే మోంతెరోస్సోలో బస చేయండి. కోర్నిల్యా మాత్రం కొండపైన ఉంది. స్టేషన్ నుంచి 380 దాకా మెట్లెక్కాలి గనుక, మీ వారిని అక్కడి చిన్న బస్సులో తీసుకువెళ్ళండి. రియోమజ్జోరె, మనరోలా గ్రామాల మధ్య సముద్రం అంచునే సాగే ‘వియా దెల్లామోరె’ బాట కిలోమీటరు లోపే. 2012లో రాళ్ళు విరిగిపడి మూతపడిన ఆ దారిని 2024లో తిరిగి తెరిచారు. టికెట్ ముందుగా తీసుకోవాలి. పెద్దగా ఎక్కుడు లేని దారి కాబట్టి మీ వారూ నెమ్మదిగా నడవగలరు. మీరు, మీ అబ్బాయి మాత్రం వెర్నాజ్జా–మోంతెరోస్సో కాలిబాటలో వెళ్ళి తీరాలి, గోడలు కనబడేది అక్కడే. బూట్లు వేసుకోండి. చెప్పులతో ఆ బాటల్లోకి దిగితే 50 యూరోల నుంచి జరిమానా ఉంటుంది.

తిండికి దిగులు పడనక్కరలేదు. మీ వైపు పప్పుశనగ పండిస్తారు కదా, ఆ శనగపిండిని నీళ్ళు, ఉప్పు, ఆలివ్ నూనెతో జారుగా కలిపి, వెడల్పాటి రాగి పళ్ళెంలో పోసి పొయ్యిలో కాల్చే ‘ఫరినాతా’ అక్కడి సొంత వంటకం. వేడిగా ఉండగా మిరియాల పొడి చల్లించుకోండి. తులసి జాతి ఆకుతో చేసే ‘పెస్తో’ పచ్చడి విషయంలో మాత్రం జాగ్రత్త. అందులో వేసే పార్మెజాన్ జున్నును దూడ కడుపులోంచి తీసిన పదార్థంతో పేరబెడతారు. ఆచారం గట్టిగా పాటించేవారైతే జున్ను లేకుండా చేయమని అడగాలి.

వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. మోకాళ్ళ నొప్పి మందులు వాడుతుంటే డాక్టరు చీటీ కూడా వెంట ఉంచుకోండి.