రిసెప్షన్ ఫోటోలు, వీడియోలు భద్రంగా ఇంటికి చేరాలంటే

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడిందంటే నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చే ప్రశ్నలు మారిపోతాయి. ఫంక్షన్ హాలు, స్టేజీ, లైవ్, ఆల్బమ్... అన్నీ ఇవే. ఎక్కువమంది ‘ఏ కెమెరాతో తీయించాలి’ అని అడుగుతారు. ముందు తేల్చుకోవాల్సింది అది కాదని నా గట్టి నమ్మకం. తీసిన ఫైళ్లు ఎన్నిచోట్ల ఉంటాయి, ఎవరి చేతికి ఎప్పుడు వస్తాయి అన్నది అడ్వాన్స్ ఇవ్వకముందే మాట్లాడుకోవాలి.

మా చెల్లె రిసెప్షన్ వచ్చే నెల. మొన్న మా బాబాయి కొడుకు ఎంగేజ్‌మెంట్‌లో తీసిన ఫోన్ వీడియోలన్నిట్లో నల్లటి పట్టీలు కదులుతున్నాయి. ఫోన్ పాడైందా? - మిర్యాలగూడ పాఠకుడు

ఫోన్ బాగానే ఉంది. తేడా లైట్లలో ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 చుట్లు. నాసిరకం ఎల్‌ఈడీ లైట్ల వెలుగు ఒక్కో చుట్టుకు రెండుసార్ల చొప్పున సెకనుకు 100 సార్లు తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. కంటికి అది తెలియదు. ఫోన్ సెన్సర్ మాత్రం బొమ్మ మొత్తాన్ని ఒకేసారి కాకుండా వరుసలు వరుసలుగా చదువుతుంది. వెలుగు తగ్గిన క్షణంలో చదివిన వరుసలు నల్లటి పట్టీలుగా పడతాయి.

ప్రో వీడియో మోడ్ ఉన్న ఫోన్‌లో షట్టర్ స్పీడును (ఒక్కో ఫ్రేముకు సెన్సర్ వెలుగు తీసుకునే సమయం) 1/50 లేదా 1/100 సెకను దగ్గర పెట్టండి. ఐఫోన్‌లో కెమెరా సెట్టింగ్స్‌లోని రికార్డ్ వీడియోలో ‘పాల్ ఫార్మాట్స్’ ఆన్ చేస్తే సెకనుకు 25 ఫ్రేముల ఆప్షన్ కనిపిస్తుంది, దాన్ని ఎంచుకోండి, మన కరెంటుకు అది సరిపోతుంది. మీ వీడియోగ్రాఫర్‌కూ ఇదే మాట చెప్పండి.

స్టేజీ వెనక ఎల్‌ఈడీ వాల్ సంగతి వేరు. దానికి సొంత రిఫ్రెష్ రేటు ఉంటుంది, అంటే సెకనుకు ఎన్నిసార్లు బొమ్మను కొత్తగా వెలిగిస్తుందో ఆ లెక్క. బుక్ చేసేటప్పుడే అడగండి: 1920 హెర్ట్జ్ కన్నా 3840 హెర్ట్జ్ ప్యానెళ్లు కెమెరాకు చాలా నయం. వాల్ వెలుగు ఎక్కువైతే ముందు నిలబడ్డ పెళ్లికూతురు, పెళ్లికొడుకుల మొహాలు నల్లబడతాయి కాబట్టి బ్రైట్‌నెస్ తగ్గించమనండి, తగ్గించాక ఒకసారి వీడియో తీసి చూడండి. సోఫాలను వాల్‌కు ఆనించకుండా వీలైనంత ముందుకు జరిపిస్తే చీరల మీద రంగు తక్కువ పడుతుంది, వెనక వాల్‌లో అలలు అలలుగా కనిపించే గీతలూ తగ్గుతాయి. అక్షింతలు వేయడానికి జనం లైన్ కట్టాక డీజే వాళ్లు ఊదా, ఆకుపచ్చ లైట్లు తిప్పకుండా తెల్ల లైటు ఒక్కటే ఉంచాలి. ఆ రంగు మొహాల మీద పడితే ఎడిటింగ్‌లో కూడా పోదు. లేజర్ లైట్లు అసలే వద్దు. ఆ కిరణం నేరుగా తగిలితే కెమెరా సెన్సర్ శాశ్వతంగా దెబ్బతినొచ్చు.

అమ్మాయి రిసెప్షన్‌కు రెండు కెమెరాలు మాట్లాడుకున్నాం. మూడు నెలల తర్వాత పెన్‌డ్రైవ్‌లో ఇస్తామంటున్నారు. సరేననొచ్చా? - మహబూబ్‌నగర్ పాఠకుడు

ఒప్పుకోకండి. ఆల్బమ్‌కు మూడు నెలలు పట్టొచ్చు, అది కష్టమైన పని. అసలు ఫైళ్లకు మాత్రం అంత కాలం అక్కర్లేదు. లెక్క చూడండి. 4కే వీడియోను 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు) తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు నాలుగు గంటలు నడిస్తే 360 జీబీ. మామూలు పెన్‌డ్రైవ్ దీనికి చాలదు. మీరే 1 టీబీ హార్డ్‌డిస్క్ ఒకటి కొని, ఆ రాత్రే గానీ మర్నాడు గానీ అన్నీ కాపీ చేయించుకోండి. ఆ తర్వాత ఇంకో బంధువు ఇంట్లో రెండో కాపీ ఉంచండి. రెండు కాపీలూ ఒకే బీరువాలో పెడితే ఉపయోగం లేదు.

అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు ఇంకో ప్రశ్న: కెమెరాలో రెండు కార్డులు పడతాయా? పడితే రెండింట్లోనూ ఒకేసారి రికార్డు చేయమనండి. ఒకటి మొరాయించినా రెండోది ఉంటుంది. మీ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కి, ఫైళ్లు తెరిచి చూసేదాకా ఆ కార్డులు ఫార్మాట్ చేయొద్దని ముందే మాట తీసుకోండి.

‘ఒరిజినల్స్ మావి, ఇవ్వం’ అనే స్టూడియోలూ ఉన్నాయి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోకు వేరే ఒప్పందం లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. అయినా గొడవ దాకా ఎందుకు? ఏమేం ఇస్తారో, ఎప్పుడిస్తారో వాట్సాప్‌లో రాయించుకోండి. ‘రా’ ఫైళ్లు (కెమెరా ప్రాసెస్ చేయకుండా ఇచ్చే ఫోటో ఫైళ్లు) మీకు పెద్దగా పనికిరావు, ఫుల్ సైజు జేపీజీలు అడగండి. 12×18 అంగుళాల ఆల్బమ్ షీటును 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ప్రింట్ చేయాలంటే 3600×5400 పిక్సెల్స్ కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చాలా కుదించుకుపోతుంది. అదే ఫోటోను ‘డాక్యుమెంట్’గా పంపితే అసలు సైజులోనే చేరుతుంది, ఒక్కో ఫైలు 2 జీబీ దాకా వెళ్తుంది. మీ బంధువుల ఫోన్లలోని ఫోటోలు కూడా అలాగే తెప్పించుకోండి.

టీవీలో పెన్‌డ్రైవ్ పెట్టి చూడాలనుకుంటే ఒక చిక్కుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌కు మారిస్తే పడుతుంది గానీ కొన్ని పాత టీవీలు దాన్ని చదవలేవు. అలాంటి టీవీ ఉంటే వీడియోను ముక్కలు చేసి ఇమ్మనండి.

మా పెద్దన్న దుబాయ్‌లో ఉన్నాడు, సెలవు దొరకలేదు. రిసెప్షన్ యూట్యూబ్ లైవ్ పెట్టడం ఎలా? - నారాయణపేట పాఠకురాలు

అన్న ఒక్కడి కోసమే అయితే లైవ్ వద్దు, దుబాయ్‌లో అనుమతి ఉన్న యాప్‌లో వీడియో కాల్ చేయండి. లైవ్‌లో ఆయన చూస్తాడంతే, కాల్‌లో అయితే మాట్లాడతాడు. స్టేజీ ముందు ట్రైపాడ్ మీద ఒక ఫోన్ పెట్టి, చెల్లెలి పక్కన ఆయన మొహం కనబడేలా ఒక ఫోటో దిగండి.

చూసేవాళ్లు చాలామంది ఉంటే యూట్యూబ్ మంచిదే. కొత్త ఛానల్‌లో లైవ్‌ను మొదటిసారి ఆన్ చేస్తే 24 గంటలు పట్టొచ్చు. ఫోన్ నుంచి నేరుగా చేయాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి, ల్యాప్‌టాప్ నుంచైతే ఆ షరతు లేదు. ‘అన్‌లిస్టెడ్’ పెట్టి లింకు మాత్రమే పంపండి. సినిమా పాటలు మోగితే కాపీరైట్ కారణంగా లైవ్ ఆగిపోవచ్చు కాబట్టి డీజేకి ముందే చెప్పాలి.

అసలు టెన్షన్ సిగ్నల్‌తోనే. 720పీ లైవ్‌కు సుమారు 4 ఎంబీపీఎస్ అప్‌లోడ్ కావాలి, దానికి రెట్టింపు ఉంటే నిశ్చింత. పొద్దున ఖాళీ హాల్లో టెస్ట్ చేసి బాగుందనుకోవద్దు. సాయంత్రం వందలమంది ఫోన్లు ఒకే టవర్‌ను పట్టుకుంటాయి. హాల్ ఆఫీసులో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే లాన్ కేబుల్ లాగించుకోండి.

ఎల్‌ఈడీ వాల్ మీద పేర్లు తెలుగులో వేయమంటే ఒత్తులన్నీ విడిపోయి పడుతున్నాయి. - వనపర్తి పాఠకుడు

ఆపరేటర్ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు ఒత్తులు కలపడం రాకపోతే ఇలా అవుతుంది. కార్డు ప్రింటింగ్ ప్రెస్‌ నుంచి టైప్ చేసిన ఫైలు తెచ్చిచ్చినా పని జరగకపోవచ్చు. యూనికోడ్ (అన్ని ఫోన్లు, కంప్యూటర్లు ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కాని పాత ఫాంట్లలో కంపోజ్ చేసి ఉంటే, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి అక్షరాలు వస్తాయి. సులువైన దారి, పేర్లను మీ ఫోన్‌లోనే యూనికోడ్‌లో టైప్ చేసి పీఎన్‌జీ బొమ్మగా ఇవ్వడం. బొమ్మలో ఒత్తులు విడిపోవు. వాల్ ఎన్ని పిక్సెల్సో కనుక్కుని ఆ సైజులోనే చేయండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురవరం లాంటి తెలుగు ఫాంట్లు ఉచితం. పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి పేరున్న ఫాంటులో మీ ఇంటి పేర్లు వెలిగితే నాకూ సంతోషం.

వాట్సాప్‌లో పెళ్లికార్డు పేరుతో ఒక ఫైలు వచ్చింది, చివర ఏపీకే అని ఉంది. తెరవొచ్చా? - దేవరకొండ పాఠకురాలు

తెరవకండి. తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చినా సరే. పెళ్లికార్డు బొమ్మగానో, పీడీఎఫ్‌గానో, వీడియోగానో వస్తుంది. ఏపీకే అంటే యాప్. ఇన్‌స్టాల్ చేస్తే మీ మెసేజ్‌లు, ఓటీపీలు అవతలివాడికి చేరే ప్రమాదముంది. ఇప్పటికే నొక్కి ఉంటే నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. పంపినవారికీ కాల్ చేసి చెప్పండి, వాళ్ల వాట్సాప్ వేరేవాళ్ల చేతిలో ఉండొచ్చు.

బారాత్ వీడియో ఉన్న మెమరీ కార్డు పొరపాటున ఫార్మాట్ అయింది. ఆశ ఉందా? - సూర్యాపేట పాఠకుడు

ఉంది, ఆ కార్డులో ఇంకేమీ తీయకపోతే. వెంటనే కెమెరాలోంచి బయటికి తీసేయండి. మామూలు ఫార్మాట్‌లో సాధారణంగా ఫైళ్ల జాబితా మాత్రమే పోతుంది, కొత్తది దాని మీద రాసేదాకా పాత డేటా లోపలే ఉంటుంది. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించండి. దొరికినవి అదే కార్డులో కాకుండా కంప్యూటర్‌లో సేవ్ చేయాలి. ఫోటోలు బాగానే తిరిగొస్తాయి గానీ పెద్ద వీడియోలు ముక్కలై రావొచ్చు. అలా వస్తే ఇంకేమీ చేయకుండా కార్డును డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వండి.