ఆ ఇటలీ సైక్లిస్టును చూసి మా అబ్బాయి ఇంజినీరింగ్ వద్దంటున్నాడు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. తెల్లవారకముందే సైకిల్ వేసుకుని అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న ట్రాక్‌కు వెళ్తాడు. రాత్రి అలన్ మరంగోని అనే ఇటలీ మాజీ సైక్లిస్టు వీడియోలు చూస్తాడు. ‘ఆయన పెద్దగా ఏమీ గెలవలేదు, అయినా అంతమంది చూస్తున్నారు. నేనూ ఛానెల్ పెడతాను’ అంటున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, అభిమానించడానికి మీ అబ్బాయి మంచి మనిషినే ఎంచుకున్నాడు. కాకపోతే ఆయన కథను చివరి పేజీ నుంచి చదువుతున్నాడు.

మరంగోని 2009లో ప్రొఫెషనల్ అయ్యారు. పదేళ్లు ‘గ్రెగారియో’గా తొక్కారు. జట్టు నాయకుడి కోసం పాటుపడే రైడర్‌ను ఇటలీలో అలా పిలుస్తారు. నాయకుడికి ఎదురుగాలి తగలకుండా ముందుండి తొక్కాలి. వెనకున్న జట్టు కారు దాకా వెళ్లి, నీళ్ల సీసాలు జెర్సీలో కుక్కుకుని మళ్లీ గుంపును అందుకోవాలి. నాయకుడి చక్రం పంక్చరైతే తన చక్రం విప్పి ఇవ్వాలి. గెలుపు మాత్రం ఇంకొకరి ఖాతాలో పడుతుంది. ఆయనకు ప్రొఫెషనల్‌గా తొలి విజయం 2018 నవంబరులో, జపాన్‌లోని టూర్ డి ఒకినావాలో దక్కింది. అదే ఆయన చివరి పందెం కూడా. అప్పటికి వయసు 34. గ్లోబల్ సైక్లింగ్ నెట్‌వర్క్ వారి ఇటాలియన్ ఛానెల్‌లో వ్యాఖ్యాతగా జనానికి దగ్గరైంది ఆ తర్వాతే.

గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో, భుజాలు రాసుకునే గుంపులో తొక్కడం ఎలా ఉంటుందో ఆయన ఒంటికి తెలుసు. దాన్ని తన మాతృభాషలో, పక్కింటివాడితో చెప్పినట్టు చెప్తారు. నాకు తోచినంతవరకు ఆయన ఆదరణకు మూలం ఇదే.

ఇప్పుడు నేను చెప్పేది మీకు నచ్చకపోవచ్చు. ఛానెల్ ముప్పై ఏళ్లకైనా పెట్టవచ్చు, పందాలు మాత్రం మీవాడి కోసం ఆగవు. సైక్లింగ్‌లో జూనియర్ విభాగం 17, 18 ఏళ్ల వారికే. మీవాడికి ఉన్నది ఆ కొద్ది సమయమే. అందుకే ఛానెల్ కోసం చదువు మాననివ్వకండి, పందెం కోసం మాత్రం ఉదయాలు ఇవ్వండి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందాల కోసం కట్టిన ట్రాక్ ఉంది. జిల్లా, రాష్ట్ర స్థాయి ఎంపిక పోటీలు ఎప్పుడో సైక్లింగ్ సంఘాన్ని అడిగి తెలుసుకోండి.

యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. షార్ట్స్‌కు లెక్క వేరు. అదంతా దాటినా అది నెల జీతంలా నిలకడగా రాదు. కాబట్టి డిగ్రీ తప్పదు. ఇంజినీరింగ్ మీద నిజంగానే మనసు లేకపోతే గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి శారీరక విద్యా సంస్థలో ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీపీఈడీ (శారీరక విద్యలో డిగ్రీ) ఉంది. శిక్షకుడు కావాలనుకుంటే తర్వాత పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థకు వెళ్లవచ్చు. మాట్లాడటమే ఇష్టమైతే జర్నలిజం చదవనివ్వండి. ఈ మూడింటిలో తనకు ఏది ఇష్టమో మీరు ఊహించకుండా అతడినే అడగండి.

పరీక్షలు కాగానే ఒక పందెంలో పేరు నమోదు చేయించండి. ముప్పయ్యో స్థానం వచ్చినా సరే, ఆ సాయంత్రం తన పందెం గురించి మూడు నిమిషాలు తెలుగులో మాట్లాడి రికార్డు చేయమనండి. ఆ వీడియోను మొదట మీరే చూడండి.