డిఫెన్స్‌మన్ కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నిక్లస్ లిడ్‌స్ట్రోమ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఒక ఐస్ హాకీ డిఫెన్స్‌మన్ గురించి తెలుగులో ఇంత శ్రద్ధగా రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. ఆట నీకు తెలుసు, భాషా బాగుంది. ఇబ్బందల్లా మొదటి పేరాతోనే. నాలుగు స్టాన్లీ కప్పులు, ఏడు నారిస్ ట్రోఫీలు, 2006లో టురిన్ ఒలింపిక్స్ బంగారు పతకం, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్... ఇవన్నీ ఒకే ఊపులో చెప్పేశావు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఫోన్‌లో చదువుకునే మనిషికి దీన్నిబట్టి ఈయనెవరో చాలా గొప్పవాడని తెలుస్తుంది, అంతే. ఏం చేసి గొప్పవాడయ్యాడో తెలీదు. పైగా స్టాన్లీ కప్ ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ విజేత జట్టుకి ఇస్తారనీ, నారిస్ ట్రోఫీ ఏడాదికోసారి ఆ లీగ్‌లో అందరికంటే మంచి డిఫెన్స్‌మన్‌కి ఇస్తారనీ కూడా నువ్వు చెప్పలేదు.

ఫార్వర్డ్ గురించి రాయడం తేలిక. గోల్ కొడతాడు, చేతులు పైకెత్తుతాడు, హాలు హోరెత్తుతుంది, నీకు సీను దొరుకుతుంది. డిఫెన్స్‌మన్ బాగా ఆడిన రాత్రి చెప్పుకోడానికి ఏమీ జరగదు. గోల్ పడాల్సిన చోట పడదు. అలా జరగకుండా పోయినవాటిని పాఠకుడి కళ్లకి కట్టించాలి. నీ వ్యాసంలో అసలు కష్టం అక్కడుంది, నువ్వు దాన్ని దాటేసి నేరుగా ట్రోఫీల దగ్గరికి వెళ్లిపోయావు.

అందుకని ఒక్క ఆట, అందులో ఒక్క షిఫ్ట్ తీసుకో. షిఫ్ట్ అంటే ఒకసారి ఐస్ మీదికి దిగి ఆడే సమయం, ముప్పావు నిమిషం అటూ ఇటూ. ఎదుటి ఫార్వర్డ్ పక్ (ఆడే రబ్బరు బిళ్ల) తీసుకుని పూర్తి స్పీడులో వస్తున్నాడనుకో. లిడ్‌స్ట్రోమ్ అతనికి ముఖం పెట్టి వెనక్కి స్కేట్ చేస్తున్నాడు, ఇద్దరి మధ్య దూరం కొద్దిగా, అటు పెరగదు ఇటు తగ్గదు. రింక్ (ఐస్ మైదానం) మధ్యలోకి వచ్చే దారి మూసేసి గోడ వైపు దారి మాత్రం వదిలాడు. ఖాళీ దొరికిందనుకుని ఫార్వర్డ్ అటే వెళ్తాడు. గోడ దగ్గర పడేకొద్దీ చోటు తగ్గుతుంది, గోల్ కొట్టే కోణం తగ్గుతుంది, పాస్ ఇద్దామంటే ఆ దారిలో అప్పటికే లిడ్‌స్ట్రోమ్ స్టిక్ ఉంటుంది. చిన్న తాకుడు, పక్ ఇవతలికి వచ్చేస్తుంది, అదే కదలికలో సొంత ఫార్వర్డ్‌కి పాస్ వెళ్లిపోతుంది. ఢీకొట్టడం లేదు, కింద పడేయడం లేదు. టీవీ వాళ్లు రీప్లే కూడా వేయరు. దీన్ని నువ్వు రెండు పేరాలు రాయి, మూడైనా ఫర్వాలేదు. ఇది పాఠకుడికి అర్థమైతే మిగతా ఇరవై సీజన్లూ తనే ఊహించుకుంటాడు.

అంకెలు వాడొద్దనడం లేదు, ఆ ఆటని చూపించే అంకెలు వాడు. కెరీర్ మొత్తంలో 264 గోల్స్, 878 అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు) అని రాశావు. వాటికంటే నాకు పెనాల్టీ నిమిషాల లెక్క, అంటే తప్పు చేసి బయట కూర్చున్న సమయం, ఎక్కువ చెబుతుంది. 1564 ఆటల్లో ఆయనకి పడ్డవి 514 నిమిషాలు. మామూలు పెనాల్టీ రెండు నిమిషాలు కాబట్టి సుమారు ఆరు ఆటలకి ఒకటి. రాత్రికి ఇరవై ఐదు నిమిషాలు ఐస్ మీద ఉండి, లీగ్‌లోకెల్లా ప్రమాదకరమైన ఫార్వర్డ్‌లని కాచుకునే మనిషికి ఇది నమ్మశక్యం కానంత తక్కువ. ఆలస్యంగా వచ్చినవాడే చొక్కా పట్టుకుని లాగుతాడు, స్టిక్ అడ్డం పెడతాడు. ముందే చేరిన మనిషికి ఆ అవసరం రాదు. ఇంకొకటి, ఆయన ఆడిన ఇరవై సీజన్లలో ఆయన జట్టు డెట్రాయిట్ రెడ్ వింగ్స్ ఆడిన లీగ్ ఆటలు 1608 అయితే ఆయన లేనివి 44 మాత్రమే. పక్‌కి అడ్డంగా శరీరం పెట్టే ఉద్యోగంలో అది ఎంత అరుదో చెప్పు.

రాహుల్ ద్రావిడ్‌తో పోలిక తీసెయ్యి. గోడ అనగానే మనవాళ్ల మనసు క్రికెట్‌లోకి వెళ్లిపోతుంది, మళ్లీ ఐస్ మీదికి తీసుకురావడం కష్టం.

నీ వ్యాసంలో అస్సలు లేని మనిషి ఒకరున్నారు, బ్రాడ్ మెక్రిమన్. డిఫెన్స్‌మన్ ఎప్పుడూ ఒంటరిగా ఆడడు, ఇద్దరు జంటగా దిగుతారు. 1989 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమం) 53వ పేరుగా ఎంపికై, 1991లో స్వీడన్ నుంచి డెట్రాయిట్ వచ్చిన ఇరవై ఒక్కేళ్ల కుర్రాడికి మొదటి జోడీ ఈ కెనడా ఆయన. అప్పటికే పేరున్న సీనియర్. తను వెనక కాపలా ఉండేవాడు కాబట్టే కుర్రాడు ధైర్యంగా ముందుకెళ్లి మొదటి సీజన్‌లోనే 60 పాయింట్లు (గోల్స్, అసిస్టులు కలిపి) చేశాడు. తర్వాత 2011 సెప్టెంబర్‌లో రష్యాలో యారోస్లావ్‌ల్ జట్టు విమానం కూలినప్పుడు, ఆ జట్టు కోచ్‌గా ఉన్న మెక్రిమన్ కూడా చనిపోయారు. ఒక నెల తిరగ్గానే లిడ్‌స్ట్రోమ్ తన ఆఖరి సీజన్ మొదలుపెట్టాడు. ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టు, మధ్యలో నీ వ్యాఖ్యానం వద్దు. పాఠకుడు చూసుకుంటాడు.

1997 స్టాన్లీ కప్ ఫైనల్ గురించి రెండు వాక్యాలతో సరిపెట్టావు. అక్కడ ఆగాలి తమ్ముడూ! ఫిలడెల్ఫియా జట్టులో ఎరిక్ లిండ్రోస్, భారీ మనిషి, అతనికి రెండు పక్కలా అలాంటివాళ్లే ఇంకో ఇద్దరు. వాళ్ల మీదికి డెట్రాయిట్ తరఫున గట్టిగా ఢీకొట్టే వ్లాదిమిర్ కాన్‌స్టాంటినోవ్ దిగుతాడని అందరూ అనుకున్నారు. కోచ్ స్కాటీ బౌమన్ లిడ్‌స్ట్రోమ్‌నీ లారీ మర్ఫీనీ దింపాడు. బలంతో బలానికి పోటీ పెట్టకుండా, అసలు వాళ్లకి పక్ అందకుండా చేసే ఇద్దరిని పెట్టాడన్నమాట. నాలుగు ఆటలు గెలిస్తే కప్పు దక్కే ఆ ఫైనల్‌లో డెట్రాయిట్ నాలుగూ వరసగా గెలిచింది, లిండ్రోస్ ఫైనల్ మొత్తంలో ఒకే ఒక గోల్ కొట్టాడు, అదీ నాలుగో ఆట చివరి నిమిషంలో. యూరప్ వాళ్లు మెత్తగా ఆడతారు, ఇలాంటి ఆటల్లో నిలబడలేరు అని అప్పట్లో చాలామంది గట్టిగా నమ్మేవాళ్లు. నా దృష్టిలో ఆ నమ్మకానికి జవాబు ఈ నాలుగు ఆటలే. 2002లో ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ ఆయనకి వచ్చింది, యూరప్‌లో ఆట నేర్చుకున్నవాళ్లలో మొదట అందుకున్నది ఆయనే. అది 1997 తర్వాత రాస్తే దాని బరువు తెలుస్తుంది.

కాన్‌స్టాంటినోవ్ విషయంలో మాత్రం జాగ్రత్త. కప్పు గెలిచిన ఆరు రోజులకి, తాగి బండి నడపకూడదని అద్దెకి తీసుకున్న లిమోజీన్ చెట్టుకి గుద్దుకుంది. తలకి తగిలిన దెబ్బతో కాన్‌స్టాంటినోవ్ కెరీర్ ముప్పై ఏళ్లకే ముగిసింది. ఆయనా లిడ్‌స్ట్రోమ్ లాగే 1989 డ్రాఫ్ట్‌లో ఎంపికై, 1991లోనే డెట్రాయిట్ వచ్చాడు. ఒకరికి ఇరవై సీజన్లు, ఒకరికి ఆరు. నువ్వు ఆ ప్రమాదాన్ని లిడ్‌స్ట్రోమ్ కన్నీళ్ల కోసం వాడుకున్నావు, ఆ రాత్రి ఆయన మనసులో ఏమనుకున్నాడో కూడా రాసేశావు. అది నీకెలా తెలుసు? తెలియనిది రాయకు. 1998లో మళ్లీ గెలిచినప్పుడు కాన్‌స్టాంటినోవ్‌ని చక్రాల కుర్చీలో ఐస్ మీదికి తీసుకొచ్చి కప్పు ఒళ్లో పెట్టారు. అది వేలమంది చూసిన దృశ్యం, అది చాలు.

ఇక నువ్వు వదిలేసిన ఓటమి. 2009 జూన్ 12, డెట్రాయిట్ సొంత రింక్ జో లూయిస్ అరీనా, ఫైనల్ ఏడో ఆట, పిట్స్‌బర్గ్ 2-1తో ముందుంది. ఆఖరి సెకన్లలో పక్ లిడ్‌స్ట్రోమ్ దగ్గరికి వచ్చింది, గోల్ సగం ఖాళీగా ఉంది, కొట్టాడు. గోల్‌కీపర్ మార్క్-ఆంద్రే ఫ్లూరీ అడ్డంగా దూకి శరీరంతో ఆపాడు. ఆట అయిపోయింది. అంతకుముందు ఏడాది అదే పిట్స్‌బర్గ్‌ని ఓడించి, యూరప్‌లో ఆట నేర్చుకుని స్టాన్లీ కప్ ఎత్తిన మొదటి కెప్టెన్ అయిన మనిషి ఆయన. సహచరులు 'పర్‌ఫెక్ట్ హ్యూమన్' అని పిలిచేవారన్న మాట నీకు బాగా నచ్చింది, నాలుగు చోట్ల వాడావు. ఒక్కచోట ఉంచు. తప్పే చేయనివాడు అని రాసుకుంటూ పోతే చదివేవాడికి దగ్గరవ్వడు. ఆ సెకనులో ఆయన ఏ తప్పూ చేయలేదు, ఉండాల్సిన చోట ఉన్నాడు, కొట్టాల్సినట్టే కొట్టాడు, అయినా పడలేదు. ఇది చదివినప్పుడు పాఠకుడి గుండె ఆగాలి.

రిటైర్మెంట్ క్లుప్తంగా చాలు. 2012 మే 31న, ఈ స్థాయిలో ఆడటానికి కావలసిన పట్టుదల తనలో మునుపటిలా లేదని నెమ్మదిగా చెప్పి తప్పుకున్నాడు. అప్పటికి 42 ఏళ్లు. నీ "ఒక శకం ముగిసింది" వాక్యం కొట్టెయ్.

నువ్వు డెట్రాయిట్ పక్కన నోవైలోనే ఉంటున్నావు కదా, అక్కడి రింక్‌కి ఒక శనివారం పొద్దున్నే వెళ్లు. పిల్లల ఆట చూడు. రింక్ చుట్టూ ఉండే అద్దం పక్కన కూర్చోకు, పైకి, గోల్ వెనక వైపు కూర్చుంటే ఎవరి మధ్య ఎంత ఖాళీ ఉందో కనిపిస్తుంది. పక్‌ని చూడటం మానేసి ఒక్క డిఫెన్స్‌మన్‌నే చూస్తూ ఉండు, ముఖ్యంగా పక్ రింక్ అటు చివర ఉన్నప్పుడు వాడు ఏం చేస్తున్నాడో. మొదట విసుగొస్తుంది. ఓ అరగంటకి అలవాటవుతుంది. తర్వాత 1997 ఫైనల్ వీడియో అలాగే చూడు.

వ్యాసం మొత్తం ఒకేసారి తిరగరాయకు. ముందు ఆ ఒక్క షిఫ్టూ, మెక్రిమన్ భాగమూ రాసి పంపు. ట్రోఫీలు ఎక్కడ పెట్టాలో అవి చదివాక మాట్లాడుకుందాం.

ఉంటాను,
అన్నయ్య