బుజ్జీకి, బండల మీద కాలు పెట్టేముందు

ఒరేయ్ బుజ్జీ,

లడఖ్ ట్రిప్ మానేసి, ఆ డబ్బుతో లెన్సూ ట్రైపాడూ కొన్నావని, ఇక ఏడాదంతా మన విశాఖ చుట్టుపక్కలే ఫొటోలు తీస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. భలే సంతోషం వేసింది. అంతలోనే "తెల్లారుజామున నాలుగింటికి బండేసుకుని ఒక్కడే భీమిలి రోడ్డున పడుతున్నాడు వదినా" అంది. గుండె గుభేలుమంది. అందుకే ఈ ఉత్తరం.

బ్యాటరీ, మెమరీ కార్డు, హెల్మెట్టు సంగతి నీకు చెప్పక్కర్లేదు. నేవీ వాళ్ల ఏరియాలో కెమెరా బయటికి తీయకు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఆర్కే బీచ్, రుషికొండ, కైలాసగిరి, ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ, అన్నీ ఒకే వారంలో! తీర్థయాత్రేమిట్రా అది? ఒక చోటు పట్టుకుని మళ్లీ మళ్లీ వెళ్లు. ఆర్కే బీచ్‌లోనే చూడు, డిసెంబరులో సూర్యుడు డాల్ఫిన్ నోస్ వైపుకి జరిగి లేస్తాడు, జూన్‌కల్లా కైలాసగిరి వైపుకి వచ్చేస్తాడు. ఎర్రమట్టి దిబ్బలకి నువ్వు మిట్టమధ్యాహ్నం వెళ్లినట్టున్నావు, అన్నీ పాలిపోయి వచ్చాయి. ఎండ ఏటవాలుగా పడితేనే వాన కోసిన ఆ లోయల్లో నీడ నిలుస్తుంది. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వెళ్లు, తడిసిన మట్టి ఎరుపు ఎలా ఉంటుందో తెలుస్తుంది. అంచులు మాత్రం ఎక్కకు, విరిగిపడతాయి. 2014లో జియలాజికల్ సర్వే వాళ్లు భూవారసత్వ స్థలంగా ప్రకటించిన చోటది, నీ కాళ్లతో కూల్చకు.

ఇక మంగమారిపేట శిలాతోరణం. అక్కడికీ వెళ్తానన్నావట. మీ మామయ్య సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. మా పెళ్లయిన కొత్తలో, మెడలో యాషికా కెమెరా వేసుకుని నన్నూ వెంటబెట్టుకెళ్లారు. నీళ్లు బాగా వెనక్కి తీసి ఉన్నాయి. ఆ ధైర్యంతో పాచిపట్టిన బండ మీద ట్రైపాడ్ పెట్టి, సముద్రానికి వీపు పెట్టి, తోరణంలోంచి కొండ కనబడుతుందా అని ఒక కన్ను మూసుకుని చూస్తున్నారు. అప్పటిదాకా చీలమండ దాటని నీళ్లు ఒక్క అలతో నడుముదాకా వచ్చాయి. మనిషి తాను నిలదొక్కుకోకుండా కెమెరాని పట్టుకోబోయారు, జారారు. వల సర్దుకుంటున్న జాలరి ఒకాయన పరిగెత్తుకొచ్చి కాలరు పట్టుకుని లాగాడు. లాగి, "బండ తడిసుంది, కనబళ్లేదా బాబూ?" అని చెడామడా తిట్టాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. గుల్లలు కోసుకున్న మచ్చ మామయ్య మోకాలి కింద ఇప్పటికీ ఉంది, లుంగీ పైకి మడిచినప్పుడు చూడు. కెమెరా ఉప్పునీళ్లు తాగి షట్టర్ బిగుసుకుపోయింది.

ఆ జాలరి మాటే నీకూ చెబుతున్నా. బండ మీద తడి ఎక్కడిదాకా ఉంటే అల అక్కడిదాకా వచ్చి వెళ్లిందన్నమాట. కెమెరా బ్యాగులోనే ఉంచి ఓ పావుగంట ఒడ్డున నిలబడి చూడు. అమావాస్యకీ పౌర్ణమికీ ఆటుపోట్లు ఎక్కువ. తోరణం మొదలంటా బయటపడేదీ ఆ రోజుల్లోనే, నీళ్లు అంతే ఎత్తుకి తిరిగొచ్చేదీ ఆ రోజుల్లోనే. టైమింగ్స్ ముందే చూసుకుని, పోటు మొదలవకముందే ఒడ్డెక్కెయ్. లైటు బాగుంది, ఇంకో రెండు తీసి వస్తానని మాత్రం అనకు. మామయ్యా అదే అన్నారు.

తిట్టానని మొహం మాడ్చుకోకు. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోట పొగమంచులో పడవ తీశావే, దాన్ని మామయ్య జూమ్ చేసి చేసి చూశారు. బాగుందని నోరు తెరిచి అనలేదు గానీ, బీరువా మీది పెట్టె దింపి పాత పోలరైజర్ తుడుస్తూ కూర్చున్నారు. తడి బండల మీద మెరుపు తగ్గిస్తుందట. నీ లెన్సుకి పడుతుందేమో వచ్చి చూసుకో.

తమ్ముణ్ణి తోడు తీసుకెళ్లు. వాడు లేవనంటే నాకు ఫోన్ కొట్టు, నాలుగింటికి నాకెలాగూ మెలకువే. ఫ్లాస్కులో టీ పోసుకొస్తా. నువ్వు ఫొటోలు తీసుకో, అలల్ని నేను చూస్తుంటా.

మీ అత్త