పెట్రా ఒక్క రోజులో అవుతుందా – సమాధానం

అమ్మగారికి మోకాళ్ల నొప్పి ఉంది, జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి ఒక్క రోజులో పెట్రా (కొండల్లో చెక్కిన పాతకాలపు నగరం) చూసొచ్చేయొచ్చా అని అడిగారు కదండీ, వద్దండి, వెళ్లడానికే మూడు గంటలు, రావడానికి ఇంకో మూడు, పెద్దావిడ అలిసిపోతారు, ముందురోజే పెట్రా పక్కనే ఉన్న వాడీ మూసా ఊళ్లో దిగిపోండి. పొద్దున ఆరింటికల్లా గేటు దగ్గరుంటే జనం ఉండరు, ఎండా ఉండదు. విజిటర్ సెంటర్ నుంచి ట్రెజరీ (కొండలో చెక్కిన పెద్ద కట్టడం, పెట్రా ఫోటోల్లో కనిపించేది) దాకా బ్యాటరీ బండ్లు ఉంటాయి, అమ్మగారిని అందులో ఎక్కించండి. ఆ దారిలోనే సిక్ అని 1.2 కిలోమీటర్ల సన్న కొండసందు, గోడల వెంబడి నబాతియన్లు (పెట్రా కట్టినవాళ్లు) చెక్కిన నీటికాలువలు ఇప్పటికీ కనిపిస్తాయి, మీరైతే అది నడిచే చూడాలి. పైన కొండమీద మొనాస్టరీ అని ఇంకో చెక్కిన కట్టడం ఉంది, దానికి 800 పైనే మెట్లు, ఆవిడతో మాత్రం అస్సలు పెట్టుకోకండి. జోర్డాన్ పాస్ (పెట్రా టికెట్ కూడా కలిసుండే టూరిస్టు పాస్) బయల్దేరే ముందే ఇక్కడే కొనేసుకోండి, జోర్డాన్‌లో కనీసం మూడు రాత్రులు ఉంటే వీసా ఫీజు కూడా ఉండదు.